ఆడపిల్లకి అర శాతం

విద్యారుణం తీసుకునే ఆడపిల్లకి మన ప్రభుత్వరంగ బ్యాంకులు చాలావరకు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి. స్త్రీ విద్యను ప్రోత్సహించడానికట! ఈ ప్రోత్సాహం ఖరీదెంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ నాలుగేళ్ళ కోర్సుకి ఏడాదికి లక్షన్నర చొప్పున ఆరు లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. అబ్బాయికి వడ్డీ 11 శాతం, అమ్మాయికి 10.5 శాతం. చదువు నడిచే నాలుగేళ్ళూ, ఆ తర్వాత మరో ఏడాదీ కిస్తీ కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం డబ్బు చేతికొచ్చిన రోజునుంచే నడుస్తూ ఉంటుంది. కిస్తీ మొదలయ్యేనాటికి అమ్మాయి ఆరు లక్షలు ఎనిమిది లక్షల ఇరవై వేలవుతాయి. పదిహేనేళ్ళ గడువు పెట్టుకుంటే ఆమె నెలకి 9,070 రూపాయలు కట్టాలి. అబ్బాయి 9,445 కట్టాలి. తేడా 375 రూపాయలు. గడువు పూర్తయ్యేసరికి ఆరు లక్షల చదువుకి ఆమె కట్టింది 16 లక్షల 33 వేలు.

నెలకి 375 రూపాయలు. ఈ దేశంలో ఆడపిల్లగా పుట్టి, చదువుకుని, ఉద్యోగం చేసి, అప్పు తీర్చడానికీ, మగపిల్లవాడిగా పుట్టి అదే పని చెయ్యడానికీ మధ్య ఉన్న తేడాకి బ్యాంకు కట్టిన వెల ఇది.

"అప్పు ఎవరికైనా అప్పే కదా, ఇందులో ఆడా మగా ఏమిటి? ప్రతిదానికీ స్త్రీవాదమేనా?" అని ఈమధ్య ఒక మిత్రుడు విసుక్కున్నాడు. అప్పు కాగితం ఇద్దరికీ ఒకటే, నిజమే. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రెండు జీవితాలు ఒకటి కావు. ఇరవై మూడేళ్ళకి మొదలైన కిస్తీలు ముప్ఫై ఎనిమిదేళ్ళకి అయిపోతాయి. ఆ పదిహేనేళ్ళూ ఆడదాని జీవితంలో ఏమేం జరుగుతాయో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. పెళ్ళి, ఊరు మారడం, ఉన్న ఉద్యోగం వదిలి అతని ఊళ్ళో మళ్ళీ వెతుక్కోవడం, కాన్పు, పిల్లని చూసేవాళ్ళు లేక ఇంట్లో ఉండిపోవడం, రెండో కాన్పు, అత్తగారికి పక్షవాతం. సరిగ్గా ఆ పదిహేనేళ్ళనే ఏకబిగిన నెల తప్పకుండా సంపాదించాల్సిన కాలంగా విద్యారుణం లెక్కేసుకుంటుంది. ఆ క్యాలెండరు రాసినవాడి కళ్ళ ముందు ఉన్నది మగవాడు. వాడికి అన్నం ఎవరో వండి పెడతారు, వాడి పిల్లల్ని ఎవరో పెంచుతారు.

మూడు నెలలు కిస్తీ ఆగితే ఆ ఖాతాని బ్యాంకు భాషలో 'నిరర్థక ఆస్తి' అంటారు. బిడ్డకి పాలిస్తూ ఇంట్లో ఉన్న ఆడది బ్యాంకు పుస్తకాల్లో నిరర్థక ఆస్తి!

నా సంగతి చెప్తాను. 2005లో నేను ఎం.సి.ఏలో చేరాను. మాది ప్రకాశం జిల్లాలో చిన్న పల్లె, నాన్నది రెండెకరాల సేద్యం. ఫీజు, హాస్టలు, పుస్తకాలు కలిపి మూడేళ్ళకి 2 లక్షల 40 వేలు అప్పు కావాల్సొచ్చింది. నాలుగు లక్షల లోపు అప్పుకి ఆస్తి హామీ అడగక్కర్లేదని 2001లో బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా పథకంలోనే ఉంది. అయినా మేనేజరు ఇంటి కాగితాలు తెమ్మన్నాడు. "మగపిల్లాడైతే మీ దగ్గరే ఉంటాడు. ఆడపిల్ల రేపు పెళ్ళై వెళ్ళిపోతే మేం ఎవర్ని అడగాలండీ?" అన్నాడు నాన్నతో. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. చదవబోయేదీ, సంపాదించబోయేదీ, తీర్చబోయేదీ నేను. మాట మాత్రం నాన్నతో.

ఆ మాటకి నాకు కోపం వచ్చింది కానీ తర్వాత అర్థమైందేమిటంటే, ఆయన మన కుటుంబ వ్యవస్థని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆడపిల్ల ఒక్కతే వెళ్ళదు, ఆమె జీతం కూడా ఆమెతో పాటే వెళ్ళిపోతుంది. అప్పు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోతుంది. బ్యాంకుకి తెలిసిన ఈ సత్యాన్ని చట్టమూ ప్రభుత్వమూ తెలియనట్టు నటిస్తాయి.

2008లో చదువైపోయేసరికి ప్రపంచమంతా మాంద్యం. హైదరాబాదులో ఆరు నెలలు తిరిగి, చివరికి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పడానికి చేరాను. జీతం ఎనిమిది వేలు. కిస్తీ ఐదువేల ఆరొందలు. పెళ్ళిచూపుల్లో ఎత్తూ రంగూ అయ్యాక వాళ్ళు అడిగిన మూడో ప్రశ్న, "లోను ఇంకా ఎంత మిగిలింది?" కట్నం మాట్లాడుకున్న చోటే దీన్నీ మాట్లాడారు. పిల్ల జీతం మాది, పిల్ల చదువు అప్పు మీది అని తీర్మానం. కట్నానికి నాన్న రెండు రూపాయల వడ్డీకి ఇంకో అప్పు చేశాడు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. విద్యారుణ పథకం వచ్చింది 2001లో. ఒకటి అమలు కాలేదు, ఇంకోటి చక్కగా అమలైంది. నాన్న నెత్తిన రెండూ కూర్చున్నాయి.

మాటిచ్చిన ప్రకారం కిస్తీ నాన్నే కట్టాలి. రెండెకరాల మీద కట్టగలడా? సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు చెప్పి ఆ డబ్బు నాన్నకి పంపేదాన్ని. ఆయన తన పేరుతో బ్యాంకులో కట్టేవాడు. నా చదువుకి నేను కట్టుకుంటున్న డబ్బుని నా ఇంట్లోనే దాచి పంపాల్సొచ్చింది. 2013లో పాప పుట్టింది. 2017లో చట్టం ప్రసూతి సెలవుని 26 వారాలకి పెంచింది కానీ మావంటి కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఆ మాటెత్తితే మరుసటి ఏడాది కాంట్రాక్టు ఉండదు. నా కాన్పప్పుడు ఆ చట్టం కూడా లేదు. పద్నాలుగు నెలలు జీతం లేదు. కిస్తీలు ఆగాయి, వడ్డీ మీద వడ్డీ పడింది. నోటీసు నాకు రాలేదు, సహ రుణగ్రహీత అయిన నాన్నకి వెళ్ళింది. చివరి కిస్తీ కట్టింది 2018లో. 2 లక్షల 40 వేలకి ఐదు లక్షల పైచిలుకు కట్టాను.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఈ మధ్యలో నేను దూరవిద్యలో ఎం.ఏ తెలుగు చేశాను. 2015లో పిహెచ్.డి సీటు వచ్చింది. మా ప్రాంతంలో నాట్లప్పుడూ తిరగలి దగ్గరా ఆడవాళ్ళు పాడుకునే పాటల మీద పనిచెయ్యాలని. ఫెలోషిప్పు లేదు. కిస్తీ ఉన్నవాళ్ళు ఫెలోషిప్పు లేని పరిశోధనకి వెళ్ళలేరు. సీటు వదులుకున్నాను. ఆ పాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఈ పదేళ్ళలో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బ్యాంకు నా దగ్గర వసూలు చేసిన వడ్డీలో ఇది ఏ పద్దు కింద రాశారో మరి!

విద్యారుణం గురించి మనం మాట్లాడాల్సిన అసలు విషయం ఇదే అనుకుంటున్నాను. అప్పు మన డబ్బునే కాదు, మన ఎంపికని కూడా తీసుకుంటుంది. చదువుని పెట్టుబడి అనీ, జీతాన్ని రాబడి అనీ ఒప్పుకున్న మరుక్షణం ఏ చదువు చదవాలో, ఏ పని చెయ్యాలో, ఎప్పుడు మానెయ్యాలో అన్నీ కిస్తీయే నిర్ణయిస్తుంది. వాగ్దానం మాత్రం చదువు స్వేచ్ఛనిస్తుందనే. ధవళేశ్వరంలో 1874లో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టినప్పుడు ఆడపిల్ల చదివితే సంసారం పాడవుతుందని భయపెట్టారు. నూట యాభై ఏళ్ళ తర్వాత ఎవరూ అడ్డుపడటం లేదు. చదువుకోమ్మా, తల్లీ, బిల్లు మాత్రం పంపిస్తాం అంటున్నారు.

ఇంట్లో పంపే బిల్లు ఇంకోటి ఉంది. అది బ్యాంకు బిల్లు కంటే పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమానవాటా 1985 నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. నేను పాఠం చెప్పే అమ్మాయిల్లో, నా తోటి అధ్యాపకురాళ్ళలో, వాటా తీసుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడిగితే సమాధానం ఒకటే: "నిన్ను చదివించాం కదా!" అన్నదమ్ములు కూడా చదువుకున్నారు. వాళ్ళ చదువు వాళ్ళ వాటాలోంచి తీసెయ్యరు. మన చదువు మాత్రం మన వాటాకి చెల్లు. అప్పు మనమే తీర్చినా సరే! విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు మన కిస్తీ రసీదులు ఎవరూ చూడరు. అంటే ఒకే చదువుకి మూడుసార్లు చెల్లిస్తున్నాం. బ్యాంకుకి వడ్డీగా, అత్తింటికి జీతంగా, పుట్టింటికి వాటాగా.

ప్రభుత్వాల సంగతి చూద్దాం. తెలంగాణలో 2014లో కల్యాణలక్ష్మి మొదలైంది. 2018లో ఆ సాయం 1,00,116 రూపాయలకి పెరిగింది. పేదింటి పిల్ల పెళ్ళికి డబ్బివ్వడాన్ని నేను తప్పుపట్టను, ఆ తల్లుల కష్టం తెలుసు. కానీ ఆ సొమ్ముని వడ్డీతో కలిపి తిరిగి కట్టమని ఎవరూ అనరు. పెళ్ళి సమాజ బాధ్యత అయినప్పుడు చదువు ఎందుకు కాదు?

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది కదా అంటారు. ఉంది. 2008లో వెనుకబడిన కులాలకీ, ఇతర పేదలకీ దాన్ని విస్తరించాక ఎందరో ఆడపిల్లలు ఇంజనీరింగు మెట్లెక్కారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ డబ్బు సకాలంలో రాదు. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడితే కాలేజీ పిల్ల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యుజిసి 2018లోనే చెప్పింది. ఎవరు విన్నారు? ఆంధ్రలో 2021 నుంచి కొంతకాలం ఫీజు సొమ్ముని తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి చేతికి డబ్బు రావడం మంచిదేనని నేనూ సంతోషించాను. వాయిదా ఆలస్యమైనప్పుడు తేలింది, కాలేజీకి బాకీదారు ప్రభుత్వం కాదు, ఆ తల్లే! ఆమె పొదుపు సంఘంలో అప్పు తెచ్చి ఫీజు కడుతుంది. పొదుపు సంఘంలో రుణం దేనికి తీసుకున్నావని అడిగి చూడండి, గేదె అనీ, కుట్టుమిషను అనీ కాగితం మీద ఉంటుంది. నిజానికి పిల్ల ఫీజు. మన లెక్కల్లోకి ఎక్కని విద్యారుణం అది.

2024 నవంబరులో కేంద్రం పి.ఎం. విద్యాలక్ష్మి తెచ్చింది. హామీ అక్కర్లేదు, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి పది లక్షల వరకు అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ. బావుంది. కానీ మొదట ఎంపిక చేసింది దేశం మొత్తమ్మీద 860 సంస్థల్ని. మా ఊరి డిగ్రీ కాలేజీ అందులో లేదు. రాయితీ కూడా కిస్తీలు మొదలయ్యేదాకానే. పిల్ల చదువుతున్నంతసేపు ప్రభుత్వం తోడుంటుంది, పెళ్ళై పిల్లలు పుట్టే వేళకి తప్పుకుంటుంది. వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉండేది, ఎనిమిదేళ్ళ పాటు. 2020లో తెచ్చిన కొత్త పన్ను విధానంలో అదీ లేదు. అసలు పన్ను కట్టేంత జీతం లేని గెస్టు లెక్చరరుకి ఆ మినహాయింపు ఉన్నా లేకున్నా ఒకటే.

అమెరికా వెళ్తే తీరిపోతుందంటారా? మా పిన్ని కూతురు ఇక్కడ అప్పు చేసి ఎం.టెక్ చదివింది. 2011లో పెళ్ళై హెచ్-4 వీసా మీద వెళ్ళింది. ఆ వీసా మీద వెళ్ళిన భార్యలకి 2015 దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఇచ్చారు. నాలుగేళ్ళు అది అక్కడ వంట చేస్తూ కూర్చుంది. ఒంగోల్లో మా బాబాయి పింఛను డబ్బుల్లోంచి దాని కిస్తీలు కట్టాడు. "నీ ఎం.టెక్ నాకేం ఉపయోగపడింది, నేనెందుకు కట్టాలి?" అన్నాడట అల్లుడు. ఉపయోగపడకుండా చేసిన వీసా అతనిదే. ఇప్పుడు వెళ్ళే పిల్లలు ముప్ఫై, నలభై లక్షలు అప్పు చేసి తామే విద్యార్థులుగా వెళ్తున్నారు. ఆ దేశపు ఆడవాళ్ళ పరిస్థితి మాత్రం ఏం బావుంది? అమెరికా విద్యారుణాల్లో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఆడవాళ్ళ నెత్తినే ఉన్నాయని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్ 2017లో లెక్క తేల్చింది. మగవాళ్ళతో సమానంగా చదివి, తక్కువ జీతానికి పనిచేసి, ఎక్కువ కాలం కడుతున్నారు. 2022లో బైడెన్ ప్రభుత్వం కొంత మాఫీ ప్రకటిస్తే 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనం నమూనాగా తెచ్చుకుంటున్నది ఆ వ్యవస్థనే.

"అప్పైనా దొరికింది కాబట్టే కదా నువ్వు చదివి ఈ వ్యాసం రాస్తున్నావు?" అని అడిగేవాళ్ళుంటారు. ఈ ప్రశ్న వెయ్యడం తేలిక. దాహమైనవాడికి నీళ్ళమ్మి, తాగావు కదా ఇంకేం మాట్లాడతావనడం లాంటిది. నీళ్ళు ఎందుకు అమ్మాల్సొచ్చిందన్నది నా ప్రశ్న. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా పెట్టి, సెల్ఫ్ ఫైనాన్సు కోర్సులు పెంచి, హాస్టళ్ళు పాడుపెట్టి, ప్రైవేటు కాలేజీల్ని ఊరూరా తెరవనిచ్చి, ఆ తర్వాత ఫీజు కట్టడానికి అప్పిస్తున్నారు. అప్పు మన చేతికి కూడా రాదు, సరాసరి కాలేజీ ఖాతాకి పోతుంది. లాభం వాళ్ళది, వడ్డీ మనది.

మరేం కావాలి? మొదటిది, ఫీజు అక్కర్లేని ప్రభుత్వ విద్య, భద్రమైన మహిళా హాస్టళ్ళతో సహా. ఇది గొంతెమ్మ కోరిక కాదు, జర్మనీలో రాష్ట్రాలన్నీ 2014 నాటికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సాధారణ ట్యూషన్ ఫీజుల్ని ఎత్తేశాయి. రెండోది, అది వచ్చేదాకా, సంపాదన లేని కాలంలో కిస్తీ ఆగాలి, దానితోపాటు వడ్డీ కూడా ఆగాలి. కాన్పుకీ, బిడ్డ పెంపకానికీ, ఉద్యోగం పోయినప్పుడూ. ఆస్ట్రేలియాలో 1989 నుంచీ ఆదాయం ఒక స్థాయి దాటితేనే వసూలు చేస్తున్నారు. న్యూజిలాండులో దేశంలోనే ఉండి తీర్చేవాళ్ళకి 2006 నుంచి వడ్డీ లేదు. మూడోది, ఆడపిల్ల అప్పుకి తండ్రి ఇల్లూ, తండ్రి సంతకమూ అడగడం మానాలి. ఏడున్నర లక్షల దాకా హామీ అడగకూడదన్న నియమాన్ని ప్రతి బ్రాంచి గోడ మీదా తెలుగులో రాసి పెట్టాలి. నాలుగోది బ్యాంకుతో కాదు, మన ఇళ్ళతో. చదువు వాటాకి చెల్లు కాదని మన అన్నదమ్ములకి మనమే చెప్పాలి. మన కూతుళ్ళ విషయంలో మన కొడుకులకి కూడా.

రచయిత్రులకి ఒక మాట. ఆడది రాయాలంటే ఏడాదికి ఐదువందల పౌండ్లూ, తలుపు వేసుకునే గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అన్నది మనమందరం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. ఆ ఐదువందలూ చేతికి రావాల్సిన చోట చేతినుంచి పోతుంటే ఏం రాస్తుంది? మన సాహిత్యంలో రైతు అప్పు ఉంది, కట్నం అప్పు ఉంది. ప్రతి నెలా ఐదో తారీకున ఖాతాలోంచి మాయమయ్యే ఈ అప్పు గురించి మన కథల్లో ఎంత ఉంది? మనలో చాలామంది ఇళ్ళల్లో ఇది నడుస్తోంది, సిగ్గుపడి చెప్పుకోవడం లేదు. అప్పున్న పిల్ల అంటే పెళ్ళి కాదని, పరువు పోతుందని. సిగ్గుపడాల్సింది అప్పు తీసుకుని చదువుకున్న పిల్ల కాదు. ఆమెకి చదువు అమ్మి, నెలకి 375 రూపాయల దయ చూపించామని చెప్పుకునేవాళ్ళు.

మా కాలేజీలో ఈ ఏడాది డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయిల్ని ఒక కాగితం మీద రాయమన్నాను, అప్పు లేకపోతే ఏం చదువుతారని. పేర్లు రాయొద్దన్నాను. ఒకరు చరిత్ర అన్నారు, ఒకరు సంగీతం, ఇద్దరు తెలుగు, ఒకరు నక్షత్రాల గురించి అని రాశారు. వాళ్ళల్లో ఎక్కువమంది బ్యాంకు అప్పుతో ఎం.బి.ఏలో చేరడానికి ఫారాలు నింపుతున్నారు. ఆ కాగితాలు నా దగ్గరున్నాయి. వాటిని చిత్తు కాగితాలు కానివ్వకూడదు.